కొత్త కారులో సర్దుకునేవి, సర్దుకోనివి

ప్రశ్న: మేం మియాపూర్‌లో ఉంటాం. నేను అమీర్‌పేటలో ఒక బ్యాంకులో పనిచేస్తున్నాను. ఇన్నాళ్లూ మావారి పాత కారే వాడుకున్నాం. మొన్న ఉగాదికి నా పేరు మీద లోను తీసుకుని కొత్తగా వచ్చిన చిన్న కారు కొన్నాను. ఆటో గేర్ షిఫ్ట్ మోడల్. ఇప్పటికి పద్దెనిమిది వందల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీవాళ్లు మైలేజీ 25 అన్నారు, నాకు 13 దాటడం లేదు. సూర్యాపేటలో ఉండే మా మరిది కూడా ఇదే కారు కొన్నాడు, 21 వస్తోందంటాడు. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్, సీటు వణుకుతున్నాయి. ఒక్కోసారి ఇంజిన్ దానంతట అదే ఆగిపోతోంది. ఒకటో గేరు నుంచి రెండులోకి వెళ్లేటప్పుడు కారు ఒక్క క్షణం ఆగి ముందుకు తోసినట్టు ఉంటుంది. వెనక కూర్చునే మా అత్తయ్యగారికి కడుపులో తిప్పుతోంది. గుంతల్లో పడితే నడుం విరిగినట్టవుతోంది. డాష్‌బోర్డు ఎడమవైపు నుంచి టకటకమని శబ్దం కూడా వస్తోంది. ఫస్ట్ సర్వీసులో ఇవన్నీ చెబితే ‘కొత్త బండి కదా మేడమ్, ఐదు వేలు తిరిగితే అదే సెట్ అవుతుంది’ అని పంపేశారు. ఇంట్లోవాళ్లు ‘ఇంకాస్త విచారించి కొనాల్సింది’ అంటున్నారు. కారు తీయాలంటేనే మనసు రావడం లేదు. నష్టానికైనా అమ్మేయమంటారా? శ్రావణంలో శ్రీశైలం వెళ్దామనుకున్నాం, ఈ కారులో వెళ్లొచ్చా?

సమాధానం: అమ్మకండి. శ్రీశైలం వెళ్లండి. మిగతా విషయాలు ఒక్కొక్కటిగా చెబుతాను.

మీరు కారు పేరు రాశారు కానీ ఇక్కడ వేయడం లేదు. మీరు చెప్పిన ఇబ్బందులు ఆ ఒక్క మోడల్‌వి కావు. ఈ సైజు కార్లు కొత్తగా కొన్నవాళ్లలో చాలామంది మొదటి మూడు నెలల్లో దాదాపు ఇవే మాటలు రాస్తారు. అయితే మీరు ఒకే గాటన కట్టినవన్నీ ఒకే రకం సమస్యలు కావు. కొన్ని ఆ కారు స్వభావం. కొన్ని మీరు రోజూ తిరిగే రోడ్డు వల్ల వచ్చేవి. ఒకటి రెండు మాత్రం సర్వీస్ సెంటర్‌వాళ్లు విప్పి చూసి సరిచేయాల్సినవి. ‘అదే సెట్ అవుతుంది’ అనే ఒక్క మాటతో వాళ్లు ఈ మూడింటినీ కలిపేశారు. నాకు అభ్యంతరం అక్కడే.

నిజంగా సెట్ అయ్యేవి కూడా ఉన్నాయి. ఇంజిన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకు ఒదగడానికి కొంత దూరం పడుతుంది. అందుకే మొదటి వెయ్యి కిలోమీటర్లు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కొద్దనీ, గంటల తరబడి ఒకే వేగంతో పోవద్దనీ మాన్యువల్‌లో రాస్తారు. బ్రేకు ప్యాడ్లు డిస్కులకు ఒదగడానికీ మొదట్లో కొంత సమయం కావాలి. కొత్త టైర్ల పై పొర అరిగేదాకా పట్టు కాస్త తక్కువ ఉంటుంది. ఇవన్నీ మీ కారులో ఈపాటికే చాలావరకు అయిపోయాయి. ఇక మీదట మైలేజీ పెరిగితే కొద్దిగా పెరగొచ్చు, 13 కాస్తా 20 అవుతుందని మాత్రం ఎదురుచూడకండి.

ముందు ఆ 25 సంగతి చూద్దాం. అది అబద్ధం కాదు, అలాగని మీ రోడ్డుకు సంబంధించిన లెక్కా కాదు. ప్రయోగశాలలో కారును రోలర్ల మీద నిలబెట్టి, నిర్ణయించిన పద్ధతిలో వేగం పెంచుతూ తగ్గిస్తూ తీసే లెక్క అది. అందులో ఏసీ వేయరు. వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటదు. గుంత ఉండదు, అడ్డం వచ్చే ఆటో ఉండదు, మూసాపేట దగ్గర సాయంత్రం ఆరున్నరకు ఇరుక్కోవడం అసలే ఉండదు. ఒక కారును మరో కారుతో పోల్చడానికి ఆ అంకె పనికొస్తుంది. నెలకు పెట్రోల్‌కి ఎంతవుతుందో తేల్చుకోవడానికి పనికిరాదు.

ఇప్పుడు మీ రోడ్డు లెక్క. మియాపూర్ నుంచి అమీర్‌పేటకు రానుపోను సుమారు 32 కిలోమీటర్లు. 13 చొప్పున రోజుకు దాదాపు రెండున్నర లీటర్లు. జేఎన్‌టీయూ, కూకట్‌పల్లి, మూసాపేట, ఎర్రగడ్డ దాటుకుంటూ పోతే రోజుకు గంటసేపైనా కారు నిలబడే ఉంటుందనుకుందాం. ఏసీ వేసి నిలబడిన చిన్న పెట్రోల్ కారు గంటకు అరలీటరుకు పైనే తాగుతుంది. అంగుళం కదలకుండా పోయిన ఆ అరలీటరు పక్కన పెడితే, కదిలినప్పుడు మీ కారు లీటరుకు 16 దాకా ఇస్తున్నట్టే. ఏప్రిల్, మే ఎండల్లో ఏసీ ఫుల్లుగా పెట్టుకుని, ఆగుతూ కదులుతూ సాగే ప్రయాణానికి అది చెడ్డ అంకె కాదు. మీటర్ల మధ్య ఉన్న చిన్న తెరలో సగటు వేగం చూపిస్తుంది, ఒకసారి చూడండి. మీ ఆఫీసు దారిలో అది 15 దగ్గర ఉంటే ఆశ్చర్యపోకండి. మీ మరిది కారులో అదే చోట 50 కనిపిస్తుంది. ఆయన హైదరాబాద్–విజయవాడ హైవే మీద టాప్ గేరులో పోయే మనిషి. ఆయన 21, మీ 13 రెండూ నిజమే. రెండు కార్లూ ఒకేలా ఆరోగ్యంగా ఉండి కూడా ఇంత తేడా రావచ్చు.

ఆ తెర మీద కనిపించే మైలేజీని మాత్రం పూర్తిగా నమ్మకండి. చాలా కార్లలో అది ఉన్నదానికన్నా ఒకటి రెండు ఎక్కువే చూపిస్తుంది. ఫుల్ ట్యాంక్ పద్ధతిలో లెక్క తీయండి. ఒక బంకులో గన్ దానంతట అది ఆగేదాకా పోయించండి. ఆపైన బిల్లు రౌండ్ ఫిగర్ చేయడానికి ఇంకొంచెం పోయనివ్వద్దు. ట్రిప్ మీటర్ సున్నా చేయండి. కనీసం మూడు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, కుదిరితే అదే పంపు దగ్గర, మళ్లీ గన్ ఆగేదాకా పోయించండి. తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. 372 కిలోమీటర్లు తిరిగాక 26.5 లీటర్లు పట్టిందనుకోండి, మైలేజీ 14. దూరం తక్కువైతే ఈ లెక్క తప్పుతుంది. ట్యాంకు మెడ దగ్గర అరలీటరు అటూ ఇటూ అయినా ఐదు లీటర్ల లెక్కలో అది పది శాతం తేడా.

పెట్రోల్‌లో ఇథనాల్ కలపడం వల్ల మైలేజీ పడిపోయిందని మీ అపార్ట్‌మెంట్‌లో అంటున్నారని కూడా రాశారు. కొంత నిజం ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ. అంటే ఇథనాల్ కలపని పెట్రోల్‌తో పోలిస్తే ఈ మిశ్రమంలో శక్తి ఆరేడు శాతం తక్కువ. మీ కారు ఈ ఇంధనానికి తగ్గట్టు తయారైనదే కాబట్టి ట్యూబులు, సీళ్లు పాడవుతాయని భయం అక్కర్లేదు. 25కీ 13కీ మధ్య ఉన్న దూరాన్ని మాత్రం ఇథనాల్ మీదకు నెట్టలేం.

ఒక మాట అడగకుండానే చెబుతున్నాను. మీరు ఉండేదీ, పనిచేసేదీ మెట్రో ఎర్ర లైను మీదే. మధ్యలో రైలు మారాల్సిన పని కూడా లేదు. రోజూ ఆఫీసుకు కారే తీయాలన్న పట్టుదల లేకపోతే వారంలో రెండు మూడు రోజులు మెట్రోలో వెళ్లండి. నెల పెట్రోల్ బిల్లు తగ్గించే దారి నాకు తెలిసి ఇంతకన్నా తేలికైనది లేదు.

ఇక వణుకు. మీవారి పాత కారులో ఇది లేదని రాశారు. ఆ కారులో నాలుగు సిలిండర్లు, దీంట్లో మూడు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో సగం చుట్టుకు ఒకసారి ఏదో ఒక సిలిండర్‌లో ఇంధనం మండుతుంది. మూడు సిలిండర్లలో ఆ విరామం పెరుగుతుంది, పైగా ఇంజిన్ ఒక కొస నుంచి ఇంకో కొసకు ఊగే గుణం దానికి పుట్టుకతోనే ఉంటుంది. నిలబడి ఉన్నప్పుడు ఏసీ కంప్రెసర్ ఆన్ అయితే ఆ ఊపు ఇంకాస్త తెలుస్తుంది. కారు కదలగానే పోతుంది. ఈ ఇంజిన్లు ఇంతగా ఎందుకు వచ్చాయంటే కొంత పన్నుల వల్ల. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ లోపు ఇంజిన్ ఉన్న కార్లకు 2006 బడ్జెట్‌లో ఎక్సైజ్ సుంకం తగ్గించారు. ఆ గీత ఈనాటికీ నిలిచే ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి అలాంటి కార్లకు జీఎస్‌టీ 18 శాతమే, పెద్ద కార్లకు 40 శాతం. ఆ కొలతలో ఇమిడేలా, బరువు తగ్గి మైలేజీ పెరిగేలా చేయాలంటే మూడు సిలిండర్లు కంపెనీలకు అనుకూలం. మీరు కొన్న ధరలో ఆ లాభం మీకూ కొంత వచ్చింది.

అయితే ఏ వణుకైనా మామూలే అనుకోవద్దు. నెలనెలా పెరుగుతున్నా, నిలబడ్డప్పుడు ఇంజిన్ స్పీడు ముల్లు పైకీ కిందకీ ఊగుతున్నా, చెక్ ఇంజిన్ లైటు వెలిగినా వెంటనే చూపించండి. ఇంజిన్ మౌంటింగ్ సరిగా కూర్చోకపోవచ్చు. 80 దాటాక స్టీరింగ్ మాత్రమే అదిరితే అది ఇంజిన్ కాదు, వీల్ బ్యాలెన్సింగ్. చిన్న పని, అయిపోతుంది. రోడ్డు సమంగా ఉన్నచోట స్టీరింగ్ తేలిగ్గా పట్టుకున్నప్పుడు కారు ఒకవైపు లాగుతుంటే అలైన్‌మెంట్ చూపించండి.

సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోవడం గురించి మీరు ఎంత టెన్షన్ పడ్డారో ఉత్తరంలో తెలుస్తోంది. షోరూమ్‌వాళ్లు తాళాలు చేతికిచ్చేటప్పుడు కొబ్బరికాయ, రిబ్బన్, ఫొటోలకు పెట్టిన శ్రద్ధలో పావు వంతు దీనికి పెట్టి ఉంటే మీకు ఆ భయం ఉండేది కాదు. అది కారులో ఉన్న ఏర్పాటే. బ్రేకు తొక్కి ఆగితే పెట్రోల్ ఆదా కోసం ఇంజిన్ ఆపుతుంది, కాలు తీయగానే మళ్లీ స్టార్ట్ చేస్తుంది. క్యాబిన్ వేడెక్కితే ఏసీ కోసం తనంతట తనే స్టార్ట్ అవుతుంది కూడా. వద్దనుకుంటే స్టీరింగ్ కింద కుడివైపునో, ఏసీ బటన్ల దగ్గరో ఒక స్విచ్ ఉంటుంది, గుండ్రటి బాణం లోపల ఏ అనే ఇంగ్లిష్ అక్షరంతో. నొక్కితే ఆగుతుంది. చాలా కార్లలో ప్రతిసారీ ఇంజిన్ స్టార్ట్ చేశాక మళ్లీ నొక్కాలి. బ్రేకు తీసినా స్టార్ట్ కాకపోతే మాత్రం అది లోపమే, బ్యాటరీ చూపించాలి.

గేరు మారేటప్పుడు తోపు గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఇందులో సగం మీ చేతుల్లో, అంటే మీ కాలిలో ఉంది. మీ కారులో ఉన్నది మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్చే. మీ ఎడమకాలు చేసే పనిని ఒక యంత్రం చేస్తుంది. గేరు మార్చే ఆ అర క్షణం క్లచ్ విడిపోవాలి కాబట్టి ఇంజిన్ బలం చక్రాలకు అందదు. మీరు అదే సమయంలో యాక్సిలరేటర్ మీద గట్టిగా ఉంటే, క్లచ్ మళ్లీ కలిసినప్పుడు ఆ బలమంతా ఒక్కసారిగా అందుతుంది. మీకు తోపు, వెనక అత్తయ్యగారికి తల ఊపు. పాత మాన్యువల్ కారు నడిపినప్పుడు గేరు మార్చే ముందు యాక్సిలరేటర్ వదిలేవారు కదా, ఇక్కడా అదే చేయండి. వేగం 15 దాకా వచ్చి ఇంజిన్ మోత కాస్త పెరిగిందనిపించగానే పాదం కొద్దిగా లేపండి, గేరు మారనివ్వండి, మళ్లీ మెల్లగా నొక్కండి. వారం రోజుల్లో ఆ మోత మీ చెవికి అలవాటవుతుంది. ఆదివారం పొద్దున్నే రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు సాధన చేస్తే ఇంకా త్వరగా వస్తుంది. సెట్ అవడం అంటే ఇక్కడ సెట్ అయ్యేది ఎక్కువగా మన కాలే.

ఇంకొకటి, దీనివల్ల డబ్బు పోతుంది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. భరత్‌నగర్ బ్రిడ్జి ఎక్కేటప్పుడు ట్రాఫిక్ ఆగితే, కారు వెనక్కి జారకుండా యాక్సిలరేటర్‌ను సగం నొక్కి పట్టుకుని నిలబెట్టొద్దు. చాలామంది అలాగే చేస్తారు. అప్పుడు లోపల క్లచ్ అరుగుతూ వేడెక్కుతుంది. కాలిన వాసన వచ్చేది అందుకే. బ్రేకు మీదే నిలబడండి. కాలు తీశాక రెండు సెకన్లపాటు కారు వెనక్కి పోకుండా పట్టే హిల్ హోల్డ్ మీ మోడల్‌లో ఉంటే ఆ వ్యవధి సరిపోతుంది. లేకపోతే హ్యాండ్ బ్రేకు వాడండి. సెల్లార్ నుంచి పైకి వచ్చే ర్యాంపు మీద కూడా ఇదే సూత్రం. ఎక్కువసేపు ఆగే సిగ్నల్ అయితే గేరును న్యూట్రల్‌లోకి తెచ్చి బ్రేకు మీద ఉండండి.

అత్తయ్యగారికి తిప్పడానికి ఇంకో కారణం కొత్త ప్లాస్టిక్ వాసన కావచ్చు. సీట్ల మీద, డోర్ల మీద కంపెనీ కవర్లు ఇంకా అలాగే ఉంచి ఉంటే ఈరోజే తీసేయండి. ఎండలో నిలబెట్టిన కారు ఎక్కగానే ఏసీ వేసి అద్దాలు బిగించకుండా, ఒకటి రెండు నిమిషాలు నాలుగు అద్దాలూ దించి నడపండి. షోరూమ్‌వాళ్లు సీట్ కవర్లు వేసి ఇచ్చి ఉంటే ముందు సీట్ల పక్క కుట్టు చూడండి. ఆరు ఎయిర్‌బ్యాగులున్న కార్లలో రెండు సాధారణంగా సీటు పక్క నుంచే తెరుచుకుంటాయి. వాటికి అడ్డంగా మందపాటి కవరు ఉంటే తీయించి, ఎయిర్‌బ్యాగులకు తగినవి వేయించండి.

గుంతల్లో నడుం విరిగినట్టవడానికి నా మొదటి అనుమానం టైర్ల గాలి మీద. యార్డుల్లో కార్లు వారాల తరబడి నిలబడి ఉంటాయి కాబట్టి టైర్లు ఒకచోట నొక్కుకుపోకుండా గాలి ఎక్కువ కొట్టి ఉంచుతారు. డెలివరీ ఇచ్చేటప్పుడు తగ్గించాలి, హడావుడిలో మరిచిపోతారు. డ్రైవర్ డోరు తెరిస్తే మధ్య స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. ఇద్దరు ఎక్కితే ఎంత, నిండా ఎక్కితే ఎంత అని రెండు అంకెలు వేసి ఉంటాయి. ఇలాంటి కార్లకు సాధారణంగా 30 నుంచి 35 మధ్య. పొద్దున కారు తీయగానే, టైర్లు వేడెక్కకముందే, దగ్గరలోని బంకులో చూపించండి. గాలి కొట్టే కుర్రాడు ‘ఎంత పెట్టమంటారు’ అంటే అంచనాగా చెప్పకుండా ఆ స్టిక్కర్ అంకె చెప్పండి. మీటరులో 40 పైన కనిపిస్తే మీ నడుంనొప్పి రహస్యం తేలిపోయినట్టే. స్టెప్నీలో కూడా చూపించండి. ఫస్ట్ సర్వీసులో దీన్ని చూడాల్సిన బాధ్యత వాళ్లది. గాలి సరిచేశాక కూడా ఎక్కడో ఇనుము ఇనుముకు తగిలినట్టు ధడేల్‌మంటే అది సస్పెన్షన్ సంగతి, విప్పి చూడాలి.

టకటక శబ్దం మాత్రం సెట్ కాదు. శబ్దం అంటే ఏదో వదులుగా ఉంది, ఐదు వేలు తిరిగితే ఇంకా వదులవుతుంది. ముందు ఇంట్లోనే పట్టుకోవడానికి ప్రయత్నించండి. గ్లవ్ బాక్స్ పూర్తిగా ఖాళీ చేయండి. చిల్లర, కళ్లజోడు పెట్టె, దేవుడి బొమ్మ, ఫోన్ స్టాండ్, డోరు అరలో నీళ్ల సీసా, అన్నీ తీసేయండి. పూజ రోజు డాష్‌బోర్డు మీద పెట్టిన నిమ్మకాయ ఏసీ గ్రిల్ సందులోకి జారిపోయిన కారు కూడా చూశాను. ఇవన్నీ తీసినా శబ్దం వస్తుంటే మీవారిని నడపమని మీరు ఎడమ సీట్లో కూర్చోండి. స్పీడ్ బ్రేకర్లు ఉన్న వీధిలో 20, 30 వేగంలో పోతూ అరచేత్తో డాష్‌బోర్డును ఒక్కోచోట గట్టిగా నొక్కి చూడండి. ఎక్కడ నొక్కితే శబ్దం ఆగిందో అక్కడ చిన్న టేపు ముక్క అంటించండి. ఫోన్‌లో రికార్డు చేయండి. బయట షాపులో కెమెరా, లైట్ల లాంటివేమైనా పెట్టించి ఉంటే ఆ వైర్లు లోపల ఎక్కడైనా కొట్టుకుంటున్నాయేమో ముందు అదే చూడమనండి.

తర్వాత సర్వీస్ సెంటర్‌కు వెళ్లినప్పుడు ‘శబ్దం వస్తోంది’ అని నోటితో చెప్పి రావద్దు. జాబ్ కార్డు, అంటే కారు సర్వీసుకు ఇచ్చినప్పుడు వాళ్లు చేయాల్సిన పనులు రాసుకునే కాగితం, దాని మీద రాయించండి. ‘20 నుంచి 40 వేగంలో, స్పీడ్ బ్రేకర్ దాటాక, గ్లవ్ బాక్స్ పైభాగంలో టకటక శబ్దం. ఏసీ ఉన్నా లేకున్నా వస్తోంది.’ ఇంత వివరంగా ఉండాలి. ‘కస్టమర్ కంప్లెయింట్: నాయిస్’ అని రాస్తే ఒప్పుకోవద్దు. ఫోర్‌మన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు మీదకు తీసుకెళ్లి వినిపించండి. ట్రాఫిక్ మోతలో వాళ్లకు వినపడకపోతే టేపు ముక్క చూపించండి. కారు తీసుకునేటప్పుడు ఏం చేశారో అదే కార్డు మీద రాయించుకుని కాపీ తెచ్చుకోండి. ‘మామూలే, లోపమేమీ లేదు’ అన్నా సరే, ఆ మాటే రాసి సంతకం పెట్టమనండి. గొడవ పడాల్సిన పని లేదు, గొంతు పెంచాల్సిన పని లేదు. కాగితం అడిగితే చాలాసార్లు పని కూడా జరుగుతుంది, ఇది నేను మళ్లీ మళ్లీ చూసిన విషయం.

ఫస్ట్ సర్వీసుకు మీ దగ్గర కాగితం లేకపోయినా నష్టం లేదు, ఇప్పటినుంచి మొదలుపెట్టండి. ఒకే ఫిర్యాదు రెండు మూడుసార్లు కార్డెక్కినా తీరకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కు ఆ కాపీలు జతచేసి మెయిల్ పంపండి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్. కారణం తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. మీ విషయం అంతదాకా పోతుందని నేననుకోను. టకటకకు ఒక క్లిప్పో, స్పాంజి ముక్కో చాలు.

అన్నట్టు ఫ్రీ సర్వీసు అంటే లేబర్ ఫ్రీ. అందులో బిల్లులోకి ఎక్కించే ఏసీ క్లీనింగ్, ఇంజిన్ కోటింగ్ లాంటివి పద్దెనిమిది వందల కిలోమీటర్ల కారుకు అక్కర్లేదు. మాన్యువల్ చివర్లో ఏ సర్వీసుకు ఏం మార్చాలో పట్టిక ఉంటుంది. అందులో లేనిది వద్దనండి.

వానలు మొదలయ్యాయి కాబట్టి ఇన్సూరెన్స్ కాగితం కూడా ఒకసారి తీసి చూడండి. ఇంజిన్ ప్రొటెక్షన్ అనే యాడ్-ఆన్ ఉందా అని. నీళ్లు ఇంజిన్‌లోకి పోయి పాడైతే మామూలు పాలసీలో సాధారణంగా రాదు. చిన్న కార్లలో గాలి పీల్చుకునే గొట్టం మరీ ఎత్తులో ఉండదు. నిలిచిన నీళ్లలో కారు ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయడానికి ప్రయత్నించొద్దు. ఒక్కసారి కూడా. సిలిండర్‌లోకి వెళ్లిన నీళ్లను పిస్టన్ నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. దిగి, తోయించి, టోయింగ్‌కు ఫోన్ చేయండి.

ఇంట్లోవాళ్ల మాట గురించి. ‘ఇంకాస్త విచారించి కొనాల్సింది’ అని కొన్నాక అనడం ఎవరికైనా తేలికే. మీరు రాసినదాన్ని బట్టి బడ్జెట్, పార్కింగ్, ఆరు ఎయిర్‌బ్యాగులు అన్నీ చూసుకునే కొన్నారు. మీ సెల్లార్‌లో రెండు స్తంభాల మధ్య పట్టే కారు, సిటీలో మలుపు తిరిగే కారు, కిస్తీ కట్టగలిగిన కారు ఇది. మీ డబ్బుతో కొన్నారు. సగం ఇబ్బందులు టైర్ల గాలి దగ్గరా, పాదం దగ్గరా పోతాయని నా నమ్మకం. పది రోజులు నేను చెప్పినవి చేసి, ఆ తర్వాత అత్తయ్యగారిని ఒక సాయంత్రం ట్యాంక్‌బండ్ దాకా తీసుకెళ్లండి. ఆవిడే చెబుతారు తేడా ఉందో లేదో.

ఇప్పుడు శ్రీశైలం. హైదరాబాద్ నుంచి రెండు వందల పై చిలుకు కిలోమీటర్లు. రానుపోను ఫుల్ ట్యాంక్ లెక్కకు కూడా బాగా సరిపోతుంది. మియాపూర్‌లో మీ మామూలు బంకులో నింపి బయల్దేరండి, తిరిగొచ్చాక అక్కడే నింపండి. నలుగురూ సామానూ ఉంటే టైర్లలో స్టిక్కర్ మీద ఉన్న రెండో అంకె ప్రకారం గాలి పెట్టించండి. హైవేలో 80, 90 మధ్య ఏసీతో నడిపితే ఘాట్ కలుపుకున్నా 18కి తగ్గకూడదు. అంతకన్నా బాగా తక్కువ వస్తే అప్పుడు మైలేజీ కూడా జాబ్ కార్డు మీదకు ఎక్కించండి, మీ బిల్లులు రెండూ జతచేసి. మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర అడవి దారిని రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు, పొద్దున కాస్త ఆలస్యంగా బయల్దేరినా ఫర్వాలేదు కానీ తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం దాటనివ్వకండి. ఘాట్ దిగేటప్పుడు గేరును డీలో వదిలేసి బ్రేకుల మీదే రావద్దు. లివర్‌ను మాన్యువల్ వైపుకు నెట్టి రెండులోనో మూడులోనో పెట్టుకోండి, ఇంజినే కారును పట్టి ఉంచుతుంది, బ్రేకులు వేడెక్కవు. అత్తయ్యగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి.